ఒడ్డున నిలబడ్డ ముగ్గురు

ముందే చెప్పేస్తున్నాను, ఆ పిల్ల ఏట్లో కొట్టుకుపోయింది. పిల్లా పోయింది, ఆ పిల్ల కోసం దూకిన పిల్లాడూ పోయాడు. మధ్యలో లేచి కూర్చుని ముక్కు చీదితే నేను ఊరుకోను. ఏడ్చేవాళ్ళు ఇప్పుడే ఏడ్చేసి రండి. అయిందా? లాస్యా, ఆ కాలు కిట్టూ మీంచి తియ్యి. ఊ కొట్టాలి మరి. మీ ఊ ఆగిందంటే నా కథ ఆగుతుంది.

అనగా అనగా ఏటి గట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో సగంమంది రంగులు నూరేవాళ్ళు, మిగతా సగం రంగుల్లో ముంచిన గుడ్డలు ఆరేసేవాళ్ళు. ఆ ఊరి కుక్కలకి కూడా ఒకదానికి తోక ఎరుపు, ఒకదానికి మూతి నీలం. నిజమేనా అంటే నేను చూశానా? మా అమ్మమ్మ చెప్పింది, నేను చెప్తున్నాను.

ఆ ఊళ్ళో చిత్తరువుల సింగన అని ఒక పెద్దాయన ఉన్నాడు. చిత్తరువంటే బొమ్మ. గోడంత బొమ్మ కాదు. నా అరచేతులు రెండూ పక్కపక్కన పెడితే ఎంతో అంత. అంతలోనే కొండ, కొండ మీద కోట, కోట కింద ఏరు, ఏట్లో చేప, చేప ఒంటి మీద పొలుసు. కాగితం మీద కాగితం చింతగింజల బంకతో అంటించి, నున్నటి రాయితో రుద్ది రుద్ది, ఈగ వాలితే జారిపడేలా చేసేవాళ్ళు. దాని మీద రంగు. రాయి నూరితే రంగు, రంగుకి బంక, బంకకి తుమ్మచెట్టు, తుమ్మచెట్టుకి గొడ్డలి, గొడ్డలికి లక్కన, లక్కనకి అన్నం, అన్నానికి పేరిందేవి. లక్కన సింగన కొడుకు. పేరిందేవి కోడలు. ఇదీ ఇల్లు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒక బొమ్మకి మూడు చేతులు. మామగారు గీత గీస్తాడు, కొడుకు రంగు నింపుతాడు, కోడలు కన్ను విప్పుతుంది. కన్ను విప్పడమంటే, బొమ్మంతా అయిపోయాక ఆఖరున, తలంటు పోసుకుని కూర్చుని, ఉడుత తోక వెంట్రుకతో చేసిన సన్నటి కుంచెతో కనుపాప పెట్టడం. అది పెట్టేదాకా అది బొమ్మ కాదు, రంగు పూసిన కాగితం. గడప దాటడానికి వీల్లేదు. సింగన భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడ పెట్టేది. ఆవిడ పోయాక కోడలు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. చావు గీయకూడదు. మరి జనం అడిగేవన్నీ చచ్చిపోయే కథలే! అడివిలో దప్పికతో పోయిన పిల్ల, ఇసకలో కూరుకుపోయిన పిల్లాడు, ఇలాంటివే కావాలి వాళ్ళకి. ఎందుకు అంటావా కిట్టూ? నాకూ అర్థం కాదు. మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకుంటూ ముసలివాళ్ళయ్యేదాకా బతికారనుకో, వాళ్ళ బొమ్మ ఎవరూ గోడకి పెట్టుకోరు. అందుకని సింగన తాతల నాటి నుంచీ చావుకి ఒక్క అడుగు ముందు కుంచె ఆపేవాళ్ళు.

అన్నిటికన్నా ఎక్కువ అడిగేది ఏటిపిల్ల బొమ్మ. మునిగిపోయిందని చెప్పానే, ఆ పిల్ల. పేరు గోరంటి. రంగులద్దేవాళ్ళ అమ్మాయి. అవతలి ఒడ్డున ఆకుతోట వేసుకున్న మల్లడు అనే కుర్రాడితో మనసు కలిసింది. ఏరు దాటడానికి అనువుగా ఉన్న రోజున మల్లడు మంచె మీద ఎర్రగుడ్డ కట్టేవాడు. ఈ పిల్ల అది చూసి ఏట్లో దిగేది. ఒకరోజు గుడ్డ కట్టాడు. ఇక్కడ ఆకాశంలో మబ్బు తునక లేదు. పైన కొండల్లో మాత్రం కుండపోత వాన పడింది. నీళ్ళు వస్తున్న చప్పుడు విని మల్లడు గుడ్డ పీకడానికి పరుగెత్తాడు. అప్పటికే పిల్ల ఏటి మధ్యలో ఉంది, ఆ పిల్ల కోసం తనూ దూకేశాడు. అంతే. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ విషం పెట్టలేదు. వాన ఎక్కడో పడింది, వరద ఇక్కడికొచ్చింది.

ఊ కొడుతున్నారా? సరే.

సింగన ఆ కథంతా ఒక్క కాగితంలో పెట్టేవాడు. ఇదిగో ఈ మూల గోరంటి రంగు కాగులో గుడ్డ తిప్పుతూ ఉంటుంది. ఇటు పక్క కొంగు బొడ్లో దోపుకుంటూ ఉంటుంది. నీటి అంచున కడియాలు తీసి రాయి మీద పెడుతూ ఉంటుంది. అవతల ఏటి మధ్యలో చెయ్యి పైకెత్తి ఉంటుంది. ఆ ఒడ్డున మల్లడు పరుగెత్తుతూ ఉంటాడు. ఎప్పుడూ అలాగే గీసేవాడు, ఎప్పుడూ అలాగే అమ్ముడుపోయేది.

ఒకసారి మాత్రం రాజుగారి కోసం గీస్తున్నాం కదా అని ముగ్గురూ కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టారు. సింగన, నీళ్ళలో జడ ఊడిపోదూ అని, ఏట్లో పిల్లకి జుట్టు విరబోశాడు. లక్కన, తడిసిన పసుపు పసుపులా ఉంటుందా అని, హరిదళమనే పసుపు రాతిరంగులో నీలిమందు చుక్క కలిపి ఏట్లో పిల్ల చీరకి పాచిరంగు వేశాడు. ఒడ్డునున్న చీరలు మాత్రం పచ్చని పసుపే. పేరిందేవి, ఏరు దాటబోయే మనిషి ఏరుకేసే చూస్తుంది కదా అని, ఒడ్డున ఉన్న కళ్ళన్నీ నీళ్ళవైపు తిప్పింది. అబ్బ, ఎంత బాగుందో అని ముగ్గురూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారట.

ఏంటి లాస్యా, నీకేదో తెలిసిపోయిందా? నోరు మూసుకో. కిట్టూకింకా తెలియలేదు.

ఆ రాజు పేరు గుండమరాజు. ఆయనకి ఒక్కతే కూతురు, సూరాంబ. తల్లి పురిట్లోనే పోతే, ఆ పిల్లని అమ్మమ్మగారు తీసుకెళ్ళి కొండ మీది కోటలో పెంచారు. అక్కడ మేకలూ రాళ్ళూ గాలీ తప్ప ఏమీ లేవు. బొమ్మ అనేది ఆ పిల్ల కళ్ళతో చూసి ఎరగదు. అమ్మమ్మ పోయాక రాజుగారు కూతుర్ని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పటికి ఆ పిల్ల మంచం ఎక్కలేనంత చిన్నది. తెచ్చి, పిల్ల సంతోషిస్తుందని, తన దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా మంచి బొమ్మ ఆ పిల్ల గదిలో పెట్టించాడు. ఏ బొమ్మ? ఏటిపిల్ల బొమ్మ. చిన్నపిల్లకి ఇచ్చే బొమ్మేనా అది? రాజుగారికి ఎవరు చెప్తారు?

దాసీలందరూ వచ్చి ఆహా ఎంత బాగుందో అన్నారు. పిల్ల దాసీల ముఖం చూసింది, బొమ్మ చూసింది, మళ్ళీ దాసీల ముఖం చూసింది. ఆ పూట నుంచి అన్నం మానేసింది.

పాలు పెడితే ముఖం తిప్పుకుంది. పాయసం పెడితే ముఖం తిప్పుకుంది. నెయ్యి గారెలు పెడితే గోడవైపు తిరిగి పడుకుంది. తనే లేచి కుండలో నీళ్ళు ముంచుకుని తాగేది, అంతే. రాజు మంత్రిని గద్దించాడు. మంత్రి దాదిని గద్దించాడు. దాది వంటవాణ్ణి గద్దించింది. వంటవాడు పిల్లిని గద్దించాడు. పిల్లి ఎవర్ని గద్దిస్తుంది? పిల్లకి పెట్టిన పాలు తాగి పొయ్యిలో పడుకుంది.

వైద్యుడు వచ్చి నాడి చూసి, కడుపులో పురుగులన్నాడు. భూతవైద్యుడు వచ్చి బొమ్మ చూసి, మునిగిపోయిన పిల్ల దయ్యమై కాగితంలో కూర్చుందన్నాడు. వేపమండ తీసుకుని బొమ్మని కొట్టాడు. బొమ్మ ఏమీ అనలేదు. పిల్లేమో చిక్కి పుల్లయిపోతోంది. రాజుగారికి గుండె జారిపోయింది. భయపడ్డ రాజు ఏం చేస్తాడు? ఎవరిమీదో విరుచుకుపడతాడు. సింగనని పిలిపించి, పౌర్ణమి లోపల ఆ గోరంటి ఒడ్డెక్కినట్టు బొమ్మ మార్చి గీయాలి, గీయకపోతే తండ్రీ కొడుకుల బొటనవేళ్ళు తీయించేస్తానన్నాడు.

సింగన ఇంటికొచ్చి కుంచెలన్నీ కడిగి బోర్లించాడు.

"గీయను," అన్నాడు.

"ఒక పుట్టి గీసి పడేద్దాం నాన్నా," అన్నాడు లక్కన. "పుట్టిలో కూర్చోబెడితే తనే ఒడ్డు చేరుతుంది. ఎవరికి నష్టం?"

"గోరంటి పుట్టెక్కిందని మీ తాత చెప్పాడా, ముత్తాత చెప్పాడా? పుట్టే ఉంటే ఇక కథెందుకురా?"

"కథ గీయడానికి వేళ్ళుండాలిగా!"

"నీ వేళ్ళు నువ్వు దాచుకో. అన్నం కలుపుకోడానికి పనికొస్తాయి."

పొయ్యి దగ్గర రొట్టె తిప్పుతున్న పేరిందేవి అటు తిరక్కుండానే అడిగింది. "మావయ్యా, ఎందుకు తినడం లేదని ఆ పిల్లని ఎవరైనా అడిగారా?"

"రాజు అడిగాడు. వైద్యుడు అడిగాడు. భూతవైద్యుడు వేపమండతో అడిగాడు."

"వాళ్ళు తినమన్నారు. ఎందుకు తినవు అని అడిగింది ఎవరు?"

"వెళ్ళు, నువ్వడుగు," అన్నాడు లక్కన. "కోటలో నీకు పీట వేసి ఉంచారు."

"పీటెందుకయ్యా, నేల ఉందిగా," అంది పేరిందేవి. రెండు జొన్నరొట్టెలు, ఒక ఉల్లిపాయ, కాస్త చింతకాయ పచ్చడి మూట కట్టుకుని బయల్దేరింది. ఆ పిల్ల బొమ్మలో ఏం చూసిందా అని ఆవిడకి మహా కుతూహలంగా ఉంది. వేళ్ళ సంగతి తర్వాత.

కోట వాకిట్లో కాపలావాడు ఆపాడు. రాజుగారి బొమ్మ కంట్లో నలుసు పడింది, తీసిపోతాను, ఆలస్యమైతే కన్ను వాస్తుంది అని చెప్పింది. వాడు అయ్యో పాపం, మొన్న మా ఆవిడకీ అలాగే వాచింది, పో తల్లీ పో అని దారి వదిలాడు. నవ్వండి, నవ్వండి. అలాంటివాళ్ళు ఉండబట్టే కథలు ముందుకి నడుస్తున్నాయి.

గదిలోకి వెళ్ళి పేరిందేవి ఏమీ అడగలేదు. పిల్ల పక్కన నేలమీద చతికిలబడి, పిల్ల ఎటు చూస్తోందో తనూ అటే చూసింది. ఎవరి కన్ను ఎటు చూస్తుందో పెట్టడమే కదా ఆవిడ పని. కోటలో అందరూ ఏమనుకున్నారు? ఏట్లో పిల్లని చూసి బెంగపెట్టుకుందని అనుకున్నారు. సూరాంబ చూపు ఏట్లో లేదు. ఇవతలి ఒడ్డు మీద ఉంది. ఏట్లోకి వెళ్ళడం లేదు, ఒడ్డు మీదే తిరుగుతోంది, కాగు దగ్గరికి, రాయి దగ్గరికి, మళ్ళీ కాగు దగ్గరికి.

కాసేపటికి పిల్లే అడిగింది. "నీది ఈ ఊరేనా?"

"ఈ ఊరేనమ్మా."

పిల్ల దూరంగా జరిగిపోయింది. "అయితే నువ్వూ వాళ్ళలాంటిదానివే."

"ఎవరిలాంటిదాన్ని తల్లీ?"

"వాళ్ళు! ఆ ముగ్గురు అక్కచెల్లెళ్ళు. వాళ్ళు పసుపుచీరలు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఆకుపచ్చ చీర పిల్ల మునిగిపోతుంటే ఒకావిడ గుడ్డలు తిప్పుతోంది. ఒకావిడ కొంగు సర్దుకుంటోంది. ఒకావిడ కడియాలు చూసుకుంటోంది. ఎంతో దూరం నుంచి ఆ అబ్బాయి పరుగెత్తుకొస్తున్నాడు, వీళ్ళు పక్కనే ఉండి చెయ్యి కూడా ఇవ్వలేదు. దాన్ని చూసి మీ ఊళ్ళో అందరూ ఎంత బాగుందో అంటున్నారు. మీ చేతి అన్నం నేను తినను. మా కొండ మీద మేకపిల్ల రాళ్ళలో ఇరుక్కున్నా అందరూ పరుగెత్తుతారు."

కిట్టూ, ఇప్పుడు అర్థమైందా? ఆ నలుగురూ ఒక్కతే. ఒక్క గోరంటి నాలుగుసార్లు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి అది చెప్పక్కర్లేదు, ఒకే చీర ఉంటే ఒకే మనిషి అని ఉగ్గుపాలతో తెలుసు. అలాంటిది, మామ జడ విప్పాడు, మొగుడు చీర తడిపాడు, తను కళ్ళు నీళ్ళకేసి తిప్పింది. ముగ్గురి గొప్పతనం కలిసి, ఏట్లో పిల్లని వేరే మనిషిని చేసేసింది.

"అమ్మాయిగారూ, ఇలా రండి," అంది పేరిందేవి. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొమ్మని వెలుతురులోకి తిప్పింది. "ఈవిడ గడ్డం మీద ఏముంది?"

"పచ్చబొట్టు. మూడు చుక్కలు."

"ఈవిడకి?"

"మూడు చుక్కలు."

"కడియాలావిడకి? ఏట్లో పిల్లకి?"

పిల్ల ముక్కు కాగితానికి ఆనేలా వంగి చూసింది. అందరికీ అవే మూడు చుక్కలు. అప్పుడు పేరిందేవి చెప్పింది. పొద్దున కాగు దగ్గర ఉన్నదీ ఈమే, తర్వాత కొంగు దోపుకున్నదీ ఈమే, కడియాలు తీసిందీ ఈమే, ఏట్లో ఉన్నదీ ఈమే. నువ్వు పొద్దున నిద్రపోయావు, ఇప్పుడు నా ఒళ్ళో ఉన్నావు, ఇద్దరు సూరాంబలున్నారా? చీర తడిసి రంగు మారింది తల్లీ. అంతే.

పిల్ల ఒడ్డంతా వేలుతో వెతికింది. తర్వాత అడిగింది.

"అయితే అక్కా, ఒడ్డున ఎవరూ లేరా?"

"ఎవరూ లేరు."

"అసలు ఎవ్వరూ?"

"ఎవ్వరూ లేరమ్మా."

"అదింకా అన్యాయం," అంది పిల్ల. అప్పుడు ఏడ్చింది, గట్టిగా, చీదుకుంటూ. ఏడ్చి ఏడ్చి, ఆ మూటలో ఏముంది అని అడిగింది. జొన్నరొట్టె అంటే తుంచి నోట్లో పెట్టుకుంది. చింతకాయ పచ్చడికి కళ్ళు మూసుకుని, ఇంకొంచెం అంది.

ఆ సమయానికే రాజుగారు వచ్చాడు. పిల్ల తింటోంది! ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. తేరుకున్నాక సంగతేమిటని అడిగాడు. పేరిందేవి చెప్పింది. రాజుగారు బొమ్మ దగ్గరికెళ్ళి చుక్కలు చూశాడు. చూసి, ఊఁ, అవునవును, నాకు తెలుసు, ఒక్కతే, అన్నాడు. తెలుసా పాడా! ఆయన పుట్టిన్నాటి నుంచీ వాళ్ళని గోరంటి చెలికత్తెలనే అనుకుంటున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం పేరిందేవి చూసింది, చూడనట్టు రొట్టె తుంచింది. బొటనవేళ్ళ మాట రాజుగారు మళ్ళీ ఎత్తలేదు.

కథ అయిపోలేదు, ఆవలించకండి. పిల్ల ఊరుకుంటుందా? "నాన్నగారూ, గోరంటిని ఒడ్డెక్కించక్కర్లేదు, అది అబద్ధం. కానీ ఒడ్డు ఖాళీగా ఉంది కదా, అక్కడొక మనిషిని పెట్టించండి," అంది.

పేరిందేవి బొమ్మ ఇంటికి తెచ్చి మామగారి ముందు పెట్టి ఆ మాట చెప్పింది. సింగన గయ్యిమన్నాడు. కథ మార్చనన్నాడు.

"మార్చమనలేదు మావయ్యా. ఇన్ని తరాల నుంచి ఆ ఒడ్డు ఖాళీగా ఉంచారు కదా, ఎందుకో మీ నాన్నగారు చెప్పారా?"

"అక్కడ గడ్డి గీయమన్నాడు."

"గడ్డి చాలా ఉంది."

"మరి నువ్వు పెట్టిన మనిషి ఆ పిల్లని లాగేస్తే?"

"లాగిందో లేదో మనం గీయం. చావుకి ఒక అడుగు ముందు ఆపుతాం కదా. మోకు విసిరినట్టు గీయండి. అందిందో లేదో చూసేవాళ్ళు చూసుకుంటారు."

సింగన గడ్డం గోక్కున్నాడు. కుంచె తిప్పాడు. లక్కన మెల్లగా, చీర ఏ రంగు వేయమంటారు, పసుపు మాత్రం వద్దే బాబూ అన్నాడు. అందరికీ నవ్వొచ్చింది. సింగన గీశాడు. ఒక ఆడమనిషి, కాలి మడమ మట్టిలో తన్నిపెట్టి, వెనక్కి వాలి, చేతిలోంచి మోకు విసురుతూ. లక్కన ఎర్రచీర కట్టాడు. పేరిందేవి తలంటు పోసుకుని వచ్చి కన్ను విప్పింది. ఈ మనిషి చూపు మాత్రం నీళ్ళవైపు పెట్టలేదు, తిన్నగా గోరంటి ముఖం మీద పెట్టింది. ముఖం ఎవరిదంటారా? ఎవరిదో. మోకు గట్టిగా పట్టుకుందా లేదా, అదీ చూడాల్సింది.

సూరాంబ ఆ బొమ్మ చూసి, బొమ్మలో మోకుంటే సరిపోతుందా, నిజం ఏట్లో వద్దా అంది. రేవులో మోకు కట్టేదాకా లడ్డు ముట్టనంది. రాజుగారికి ఆ పిల్ల తినడం మానేస్తుందంటేనే ఒళ్ళు వణుకు. తెల్లారేసరికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మోకు కట్టించి, ఒక పుట్టివాణ్ణి కూడా అక్కడే కాపలా పెట్టాడు. ఆకుతోటలవాళ్ళూ రంగులవాళ్ళూ ఎంచక్కా అటూ ఇటూ తిరిగారు, వియ్యమందుకున్నారు, పెళ్ళిళ్ళలో దెబ్బలాడుకున్నారు. ఎవరూ మునగలేదు. కాబట్టి పిల్లలూ, ఎవరైనా ఆపదలో ఉంటే చూస్తూ నిలబడకండి. ఏమీ చేతకాకపోతే కేకైనా పెట్టండి.

ఆ తర్వాత ఒక పరదేశపు దొరగారు ఏనుగు మీద వచ్చి ఏటిపిల్ల బొమ్మ గీయించుకున్నాడు. ఆ మోకు మనిషి వద్దు, పాత కథలో లేదు, ఉంటే ఏడుపు రావడం లేదు అన్నాడు. మామ గీశాడు, మొగుడు రంగు నింపాడు. కోడలు బొమ్మ చూసి, ఒడ్డున మనిషి లేదు, కన్ను విప్పను, అంది. మొగుడు బతిమాలాడు, మామ కేకలేశాడు, దొర ఏనుగు కూడా ఘీంకరించింది. విప్పనంటే విప్పనంది. ఆ బొమ్మ కళ్ళు లేకుండా చూరులోనే ఉండిపోయింది.

సరే, కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లోకి దూరండి. ఏంటి కిట్టూ, ఇంకా ఏంటి? ముసలిదయ్యాకైనా విప్పిందా అంటావా? రాజుగారే స్వయంగా వచ్చి అడిగితే?

రాజుగారూ అడిగారు. ముసలిదీ అయింది. ఒడ్డున మనిషి లేని బొమ్మకి ఒక్కదానికీ కన్ను విప్పలేదు.